వెళ్ళిపోయే వాళ్ళు నాటాల్సిన మొక్కలు

మా అనంతపురం వైపు కొత్త ఇంట్లోకి దిగితే ఒక కలబందను వేళ్ళతో సహా పెరికి తెచ్చి గుమ్మానికి తలకిందులుగా కడతారు. దిష్టి తగలకూడదని. దుకాణాల ముందు కూడా కడతారు, మీలో చాలామంది చూసే ఉంటారు. మట్టి ఉండదు, నీళ్ళు పోసేవాళ్ళుండరు. పైగా వేళ్ళు ఆకాశానికి, ఆకులు నేలకు. అయినా అది చావదు. నెలల తరబడి అలాగే వేలాడుతుంది. చుట్టూ నాలుగు ఆకులు ఎండుతాయి, నడిమి మొవ్వు మాత్రం పచ్చగానే ఉంటుంది.

నేను బికానేర్‌లో పనిచేస్తున్నప్పుడు మా అమ్మ వచ్చి మా క్వార్టర్ గుమ్మానికి అలాంటిదే ఒకటి కట్టి వెళ్ళింది. నాకు దిష్టి మీద పెద్ద నమ్మకం లేదు. అమ్మ కట్టింది కదా అని ఉంచేశాను. ఆ ఏడాది వేసవి సెలవులకు ఊరెళ్ళి దాదాపు 50 రోజులకు తిరిగొచ్చాను. వరండాలో వరసగా పెట్టుకున్న 16 కుండీల్లో రోజాలు, మందారం, తులసి, మల్లె, అన్నీ పుల్లలైపోయాయి. నీళ్ళు పోయమని పక్కింటావిడకు చెప్పే వెళ్ళాను. పాపం, వాళ్ళకే కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. సామాను దింపుకుంటూ తలెత్తి చూస్తే గుమ్మానికి కట్టిన కలబంద బతికే ఉంది. ఒక కొత్త ఆకు కింది నుంచి పైకి వంపు తిరిగి వెలుతురు వైపు లేస్తోంది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నిరుడు జూలైలో మన బడిలో ఎకో క్లబ్ వాళ్ళు తలా ఒక మొక్క ఇచ్చి, పక్కన పాతిన రేకు ముక్క మీద ఎవరి పేరు వాళ్ళు రాయమన్నారు. ఏడో తరగతి అబ్బాయి ఒకడు మొక్క నాటాడు గానీ పేరు రాయలేదు. ఎందుకు రాయలేదురా అంటే, "మార్చిలో మా నాన్నకు పోస్టింగ్ వస్తుంది మేడమ్. రాస్తే మళ్ళీ చెరపాలి కదా" అన్నాడు. బాధగా అనలేదు, కోపంగానూ అనలేదు. పెన్సిల్ చెక్కుకోవాలి అన్నంత మామూలుగా అన్నాడు. వాడికిది నాలుగో బడి.

నా దగ్గర జవాబు లేకపోయింది. నేనూ అంతే కదా మరి. 11 ఏళ్ళలో ఇది నా ఐదో ఊరు. బరాక్ లోయ, బికానేర్, ఆవడి, జబల్‌పూర్, ఇప్పుడిక్కడ. మొదటి మూడు ఊళ్ళలో నేను నేలలో ఒక్క మొక్క కూడా నాటలేదు. అన్నీ కుండీలే. కుండీ అయితే లారీ ఎక్కించుకుని వెంట తీసుకుపోవచ్చు అనుకున్నాను. ఆవడి నుంచి జబల్‌పూర్‌కు సామాను వెళ్ళినప్పుడు 14 కుండీలు ఎక్కిస్తే, దిగేసరికి మూడు మిగిలాయి. మిగతావి పెంకులు, మట్టి, బీరువా మీద చారలు.

సాయంత్రం క్వార్టర్ల మధ్య నడుస్తూ గమనించండి. ఇంటి ముందు కాస్త జాగా చాలామందికి ఉంది. అందులో ఏముంటుంది? బంతి, చామంతి, కొత్తిమీర, మెంతికూర. మూడు నాలుగు నెలల్లో అయిపోయేవి. తప్పని అనను, కొత్తిమీర మేమూ వేస్తాం. కానీ ఏళ్ళ తరబడి ఉండే మొక్క ఎవరూ వేయరు. ఎందుకు వేయరో మనకు తెలుసు. ఒకవేళ ఎవరైనా ఇష్టపడి గులాబీలు వేసినా, వాళ్ళు వెళ్ళాక ఆ ఇల్లు ఇంకొకరికి అలాట్ అయ్యేలోపు రెండు మూడు నెలలు తాళం పడి ఉంటుంది. అవి ఏప్రిల్, మే, జూన్ అయితే ఇక చెప్పక్కర్లేదు. కొత్తగా దిగినవాళ్ళకు గట్టిపడిన నేల, నాలుగు ఎండుపుల్లలు దొరుకుతాయి. వాళ్ళూ సంతకు వెళ్ళి బంతి నారు కొనుక్కొస్తారు. నలభై ఏళ్ళ క్రితం కట్టిన క్వార్టర్లలో కూడా ముందు జాగా నిన్ననే చదును చేసినట్టు బోసిగా కనిపించడం మీరు చూసే ఉంటారు.

కాబట్టి ఆ అబ్బాయికి ఆలస్యంగా ఇస్తున్న నా జవాబు ఇది. వెళ్ళిపోయే వాళ్ళమే ఏళ్ళ తరబడి ఉండే మొక్క నాటాలి. కుండీలో కాకుండా నేలలో నాటాలి. మనం వెళ్ళాక, ఇంకొకరు వచ్చేలోపు, ఎండలో ఒంటరిగా బతకగలిగే మొక్కే నాటాలి. అలాంటివి ఉన్నాయి. నర్సరీల్లో సక్యులెంట్లు అంటారు. ఆకులోనో కాడలోనో నీళ్ళు దాచుకునే మొక్కలు.

మన బడి విషయానికొస్తే, ప్రైమరీ బ్లాకు ముందు దక్షిణం వైపు గోడ వారగా 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు జాగా ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండే. ఏటా వానాకాలంలో అక్కడ లాన్ వేస్తారు. జనవరి 26కు పచ్చగా ఉంటుంది. ఫొటోల్లో బాగా వస్తుంది. మే నెలాఖరుకు గోధుమ రంగు చాప అవుతుంది. జూలైలో మళ్ళీ తవ్వి మళ్ళీ వేస్తారు. ఎండాకాలంలో గడ్డి పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 లీటర్ల నీళ్ళు కావాలి. అంటే ఆ జాగాకు రోజుకు 480 లీటర్లు. మీ ఇంట్లో తాగే నీళ్ళకు వాడే 20 లీటర్ల డబ్బాలు 24. ఐదో తరగతి పిల్లలు కూడా వేయగల లెక్క ఇది. సెలవుల్లో ఆ నీళ్ళు పోయడానికి తోటమాలి ఒక్కరే ఉంటారు, బోరు కూడా అప్పుడే అడుగంటుతుంది. ఈ ఏడాది కూడా లాన్ వేద్దామన్న మాట వినిపిస్తోంది. వద్దని నా అభిప్రాయం. స్టాఫ్ మీటింగ్‌లో చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

ఇంతకీ ఈ మొక్కలు నీళ్ళు లేకుండా ఎలా నెట్టుకొస్తాయి? దీని వెనక ఒక మంచి కథ ఉంది, అందులో మన తెలుగు ఊరు కూడా ఉంది. మామూలు మొక్కలు పగలు ఆకుల మీది సన్నని రంధ్రాలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. పత్రరంధ్రాలని సైన్సులో చదివారు కదా. అవి తెరిచినప్పుడల్లా లోపలి తేమ బయటికి పోతుంది. మండే ఎండలో అయితే మరీ ఎక్కువ పోతుంది. కలబంద, రణపాల, నాగజెముడు లాంటివి ఆ తలుపులు రాత్రి పూట తెరుస్తాయి. చల్లగా ఉన్నప్పుడు గాలి తీసుకుని, దాన్ని మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకులో దాచుకుంటాయి. తెల్లవారాక తలుపులు మూసుకుని, లోపల దాచినదాన్ని వాడుకుంటూ ఎండతో ఆహారం తయారు చేసుకుంటాయి. అందుకే రణపాల ఆకులో పొద్దున పులుపు ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి తగ్గిపోతుంది. ఈ సంగతిని గమనించి రాసినవాడు బెంజమిన్ హెయిన్ అనే వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో రాక్స్‌బర్గ్ తర్వాత మన సామర్లకోట తోటను చూసుకున్నది ఆయనే. ఆయన రాసిన ఉత్తరం 1815లో లండన్‌లోని లిన్నియన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆయన ఆకు నమిలి చూసి ఈ సంగతి తెలుసుకున్నాడు. మీరు నమలకండి, రణపాలలో ఒంటికి పడని పదార్థాలున్నాయి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో పీహెచ్ కాగితం అడిగి తీసుకోండి. పొద్దున ప్రార్థనకు ముందు ఒక ఆకు, సాయంత్రం బడి వదిలాక అదే మొక్క నుంచి ఇంకో ఆకు నలిపి రెండు రంగులూ పక్కపక్కన పెట్టి చూడండి. తొమ్మిదో తరగతి వాళ్ళు ఇద్దరు ఇది చేసి, రెండో రోజు కూడా అలాగే వస్తుందో లేదో చూడాలని మళ్ళీ చేశారు. అంతకన్నా నాకేం కావాలి!

ఇక పేర్లు. తెలుగు టీచరును కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను, ఓర్చుకోండి. మన వాళ్ళు ముళ్ళున్న కండ మొక్కలన్నిటినీ జెముడు అన్నారు. బొమ్మజెముడు, ఆకుజెముడు, నాగజెముడు. చెవికి అన్నీ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి గానీ కావు. బొమ్మజెముడు మన దేశపు మొక్క, గిల్లితే తెల్లని పాలు కారతాయి. పడగలాంటి మట్టల నాగజెముడు అసలైన కాక్టస్, అమెరికా ఖండం నుంచి వచ్చింది, దానికి పాలుండవు. కాబట్టి ముల్లు చూసి కాక్టస్ అనేయకండి, పాలు కారితే అది సాధారణంగా కాక్టస్ కాదు. ఆ పాలు మాత్రం కంట్లో పడనివ్వకూడదు. పడితే వెంటనే ధారగా నీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అందుకే చిన్న పిల్లలు తిరిగే ప్రైమరీ బ్లాకు ముందు ఏ జెముడూ వద్దంటాను.

రైలు కట్టల వెంబడి కత్తుల్లాంటి మట్టలతో పెద్ద గుబురు కనిపిస్తుందే, అది కిత్తనార. రైల్వే వాళ్ళ పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. మెక్సికో వైపు నుంచి వచ్చింది. కలబంద అరేబియా నుంచి, రణపాల మడగాస్కర్ నుంచి వచ్చాయంటారు. మన తోటలో అందరికీ ఎక్కడో ఒక పాత అడ్రసు ఉంది.

నల్లేరు మాత్రం ఇక్కడిదే. నాలుగు పలకల కాడ, కణుపు కణుపుకీ నొక్కు, కంచె మీద పాకుతూ పోతుంది. 'నల్లేరు మీద బండి నడక' అంటాం, ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోయే పనిని. బండి చక్రం కింద మెత్తగా నలిగిపోతుంది కాబట్టి ఆ మాట వచ్చింది. హిందీలో దీన్ని హడ్‌జోడ్ అంటారు, ఎముకలు అతికించేదని. తమిళంలో పిరండై. ఆరో తరగతిలో ఒకసారి ఒక్కో మొక్కకూ ఇంట్లో ఏమంటారో అడిగి రాసుకు రమ్మన్నాను. రణపాలకు హిందీ వాళ్ళు పత్థర్‌చట్టా అని తెచ్చారు, కలబందకు రాజస్థాన్ అమ్మాయి గ్వార్‌పాఠా అని తెచ్చింది, దానితో వాళ్ళమ్మ కూర వండుతుందట. ఆ రోజు పాఠం జరగలేదు. జరగకపోయినా ఏం నష్టం లేదనిపించింది.

నాటడం గురించి చెప్పేముందు నా తప్పులు చెప్పాలి. బరాక్ లోయలో ఉన్నప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న మూడు కలబందలను ఎండిపోతాయేమోనని రోజూ తడిపాను. అక్కడ వానలు నెలల తరబడి వదలవు. నెల తిరిగేలోపు మొదళ్ళు కుళ్ళి, పట్టుకుంటే జావలా చేతికొచ్చాయి. నీళ్ళు లేక చచ్చిన సక్యులెంట్లను నేను చాలా తక్కువ చూశాను, నీళ్ళు ఎక్కువై చచ్చినవే ఎక్కువ. మనం ఇప్పుడున్నది నల్లరేగడి నేల. ఎండాకాలంలో నెర్రెలు తీస్తుంది, వానాకాలంలో బురదై నీటిని పట్టుకుని వదలదు. ఈ నేలలో గుంట తీసి అందులో కలబంద పెడితే అది గిన్నెలో నిలబెట్టినట్టే. కాబట్టి గుంట తీయకూడదు, గట్టు వేయాలి. నేల మీద విరిగిన పెంకులు, ఇటుక ముక్కలు, కంకర ఒక పొర పరిచి, దాని మీద మట్టి, ముతక ఇసుక సగం సగం కలిపి ఒక అడుగు ఎత్తున పోయాలి. కొంచెం మాగిన పేడ ఎరువు చాలు. ఎరువు ఎక్కువైతే ఆకులు నీరుబట్టి ఉబ్బి, ముట్టుకుంటే విరుగుతాయి. మెత్తటి ఇసుక వాడకండి, అది మట్టితో కలిసి గచ్చులా బిగుస్తుంది.

కలబంద పక్కన పిలకలు వేస్తుంది. నాలుగైదు ఆకులున్న పిలకను వేరుతో సహా విడదీయాలి. రణపాలకు ఆ శ్రమ కూడా లేదు, ఆకును మట్టి మీద పడేస్తే అంచు నొక్కుల నుంచి పిల్ల మొక్కలు లేస్తాయి. నోటు పుస్తకంలో పెట్టిన ఆకు కూడా మొలకలేస్తుంది, చిన్నప్పుడు మేం పెట్టుకునేవాళ్ళం. నల్లేరుకు రెండు మూడు కణుపుల ముక్క చాలు. తెంచేటప్పుడు చేతికి పాత గుడ్డ చుట్టుకోండి, రసం తగిలితే దురద. తెంచిన ఏ ముక్కనైనా వెంటనే నాటకూడదు. నీడలో నాలుగైదు రోజులు ఉంచితే కోసిన చోట గాయం ఆరి పొర కడుతుంది. పచ్చి గాయంతో తడి మట్టిలో పెడితే కుళ్ళుతుంది. పిల్లలకు ఈ నాలుగు రోజులు ఆగడమే కష్టం. పెద్దవాళ్ళకు కూడా.

నీళ్ళ విషయంలో ఒక మాట. కరువును తట్టుకునే మొక్క అంటే పుట్టిన రోజు నుంచీ నీళ్ళు అక్కర్లేనిదని కాదు. వేళ్ళు పట్టుకునేదాకా, ఒకటి రెండు నెలలు, వారానికోసారి తడపాలి. తర్వాత మట్టిలో వేలు పెట్టి చూసి, రెండు కణుపుల లోతు దాకా పొడిగా ఉంటేనే. వానలు పడుతుంటే అసలు వద్దు. మొదటి వానాకాలం, ఆ తర్వాత చలికాలం గడిచాక వచ్చే వేసవికి మాత్రమే అది ఒంటరిగా ఉండగలుగుతుంది. కాబట్టి సెలవులకు వారం ముందు నాటి వెళ్ళిపోతే నన్ను తిట్టుకోవద్దు. జూన్ చివర్లో, జూలైలో నాటాలి. ఇంకొకటి, నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెడితే అది కూడా కమిలిపోతుంది, ఆకులు ఎర్రబారతాయి. రెండు వారాల పాటు పొద్దుటి ఎండ మాత్రమే తగిలేలా పెట్టి, తర్వాత పూర్తి ఎండలోకి మార్చాలి. తెల్లగా పత్తి అంటినట్టు కనిపిస్తే అది పిండినల్లి, సబ్బు నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిస్తే పోతుంది.

నా మాటకు అభ్యంతరాలు వచ్చాయి. రానివ్వండి, అందులో కొన్ని నిజాలున్నాయి. ముళ్ళ మొక్కలు ఇంటి ముందుంటే మంచిది కాదని కొందరు తల్లిదండ్రులు అన్నారు. సరే, ముళ్ళు లేనివే వేద్దాం. రణపాల, నల్లేరు, చాగనార, నేల మీద పరుచుకుని ఎండలో పూసే గడ్డిగులాబీ. వీటిలో వేటికీ ముల్లు లేదు. కలబంద అంచుకు రంపపు పళ్ళుంటాయి గానీ, దిష్టికి గుమ్మాన కట్టుకునే మొక్కను అశుభమని ఎవరంటారు?

లాన్ మీద పిల్లలు కూర్చుని తింటారు, ఈ మొక్కల మీద కూర్చుంటారా అని ఒక సహోద్యోగి అడిగారు. ఇది సరైన ప్రశ్న. వెనక వేపచెట్ల కింద అరుగులు కట్టిస్తే నీడలో కూర్చుంటారు. ఆ దక్షిణపు ఎండలో ఫిబ్రవరి దాటాక ఎవరూ కూర్చోగా నేను చూడలేదు. పచ్చదనం తగ్గుతుందన్న మాటకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఈ మొక్కల ఆకుపచ్చ వేరు, బూడిద కలిసిన పచ్చ. అలవాటు పడాలి. చలికాలం చివర్లో కలబంద నుంచి పసుపు పూల గెల లేచినప్పుడు తేనెపిట్టలు వస్తాయి. అవి వచ్చినప్పుడు అభ్యంతరం చెప్పినవాళ్ళను కూడా పిలిచి చూపిస్తాను.

నాగజెముడు అందంగా ఉంటుంది, పండు కూడా తింటారు, అయినా వద్దు. దక్షిణ భారతంలో అది ఒకప్పుడు పొలాలనూ బంజర్లనూ ఆక్రమించేస్తే, 1926లో ఒక రకం కోచినీల్ పురుగును తెచ్చి వదిలాక గానీ అదుపులోకి రాలేదు. పైకి కనిపించే ముళ్ళు కాదు, నూగులాంటి సన్నముళ్ళు చర్మంలో దిగితే రెండు రోజులు ఏడిపిస్తాయి. రణపాల కూడా వదిలేస్తే ఊరంతా పాకుతుంది, గట్టు దాటిన పిల్లలను పీకేస్తూ ఉండాలి. నర్సరీలో నెత్తిన ఎర్ర బంతి పెట్టుకున్న బుల్లి కాక్టస్‌ను చూసి మోజు పడకండి. ఆ ఎర్ర భాగంలో పత్రహరితం ఉండదు, కింది పచ్చ కాడకు అంటుకట్టి బతికిస్తారు, ఎక్కువ ఏళ్ళు ఉండదు. కుంచెతో రంగు పూసిన కాక్టస్‌లు కూడా అమ్ముతున్నారు. ఊపిరాడకుండా రంగు పూసి అందం అనడం నాకు నచ్చదు.

వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలి? తల్లి మొక్కను తవ్వొద్దు. ఒక పిలక, ఒక ఆకు, రెండు కణుపులు. మట్టి దులిపి, పొడిగా ఆరనిచ్చి, పాత దినపత్రికలో చుట్టి బ్యాగులో పడేయండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు, చెమ్మ పట్టి కుళ్ళుతుంది. రెండు వారాల ప్రయాణం, సామాను విప్పే వారం కూడా అవి ఓర్చుకుంటాయి. జబల్‌పూర్ నుంచి ఇక్కడికి నా తోట మొత్తం ఒక టిఫిన్ డబ్బా పట్టేంత పొట్లంలో వచ్చింది.

నేను మొదటిసారి నేలలో నాటింది జబల్‌పూర్‌లోనే. నాలుగు కలబందలు, కంచె వారగా మా ఊరి నుంచి తెచ్చిన నల్లేరు. మూడేళ్ళున్నాం. మేం ఖాళీ చేశాక ఆ క్వార్టర్ ఒక వేసవంతా తాళం వేసి ఉందట. తర్వాత అక్కడ చదివే నా పాత విద్యార్థిని ఒక ఫొటో పంపింది. రెండు కలబందలు పోయాయి. రెండు మిగిలి, చుట్టూ పిలకలు వేశాయి. నల్లేరు కంచె దాటి బట్టలారేసే స్తంభం ఎక్కింది. ఆ ఇంట్లో దిగినది మదురై వైపు వాళ్ళు. ఆ అమ్మగారు సామాను దించక ముందే కంచె దగ్గరికి వెళ్ళి, "పిరండై!" అన్నారట. లేత కణుపులు కోసి నూనెలో బాగా వేయించి పచ్చడి చేసి పక్కిళ్ళకు పంచారట. దీన్ని ఇక్కడ ఎవరు నాటారో కనుక్కోమని నా విద్యార్థినిని అడిగారు. మా అమ్మ కూడా నల్లేరు పచ్చడి చేస్తుంది. ఆవిడకు ఫోన్ చేసి ఎవరికి ఎంత చింతపండు పడుతుందో చాలాసేపు మాట్లాడుకున్నాం, ఆవిడకు తెలుగు రాదు, నాకు ఆవడిలో నేర్చుకున్న అరకొర తమిళం.

పేరు రాయని అబ్బాయి వాళ్ళ నాన్నగారికి చెప్పినట్టే మార్చిలో పోస్టింగ్ వచ్చింది. పరీక్షలు కాగానే వెళ్ళిపోయారు. వాడు నాటినది వేప, గేటు పక్కన ఉంది, నా భుజం దాకా వచ్చింది. రేకు ముక్క ఖాళీగానే ఉంది. నేను రాయను. కొత్తగా వచ్చిన ఎవరైనా దాన్ని చూసుకుంటామంటే వాళ్ళిష్టం.

దక్షిణపు గోడ జాగా సంగతి జూన్‌లో తేలుతుంది. ఈలోగా స్టాఫ్ రూమ్ పక్కన మెట్ల కింద ఒక చెక్క పెట్టె పెట్టాను. అందులో కలబంద పిలకలు, రణపాల ఆకులు, నల్లేరు కణుపులు, చాగనార దుంపలు ఆరుతున్నాయి. ఈ ఏడాది వెళ్ళిపోతున్న వాళ్ళు చివరి పరీక్ష రోజు వచ్చి తీసుకోవచ్చు, పాత పేపరు ఇంటి నుంచి తెచ్చుకోండి. ఉండిపోతున్న వాళ్ళు జూన్ చివరి వారంలో ముతక ఇసుక మోయడానికి రండి. పాత బట్టలు వేసుకుని రండి, యూనిఫామ్ పాడైతే మీ అమ్మగార్లకు నేను జవాబు చెప్పలేను.